యాత్రికుని ప్రయాణములో కడపటి నది

మన సంఘము వారి సంచికకు సాహిత్య విషయమున ఒక వ్యాసము వ్రాసి యిమ్మని మిత్రులు కోరినప్పుడు మేము మొదట జంకితిమి. మేము పండితులము కాము. మెట్రిక్యులేషనుతో చదువు చాలించి, వయసంతయు ఆఫీసు ఫైళ్ళ నడుమ గడపి, ఇప్పుడు పింఛనుతో కాలక్షేపము చేయుచున్నవారము. కాని కొన్ని పుస్తకములు పండితులకంటె మావంటి వారికే ఎక్కువగా అక్కరకు వచ్చును. అట్టి పుస్తకమొకటి కొన్నేండ్ల క్రిందట అనుకొనని విధముగా మా చేతికి వచ్చినది. అది జాన్ బనియన్ అను ఆంగ్లేయుడు వ్రాసిన 'యాత్రికుని ప్రయాణము'. మేము క్రైస్తవులము కాము. అయినను మరణమును గూర్చియు, మరణమునకు ఆవలి దానిని గూర్చియు క్రైస్తవులు పెట్టుకొను నమ్మిక ఎట్టిదో మాకు కొంత తెలియవచ్చినది ఈ పుస్తకము వలననే. అందుచేత దీనిని గూర్చియే నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఆ పుస్తకము మాకు చేరిన విధమును మొదట చెప్పవలెను. మా కార్యాలయమున మా ప్రక్క బల్లవద్ద చాల కాలము పనిచేసిన మిత్రులొకరు తెలుగు క్రైస్తవ కుటుంబీకులు. వారి తాతగారి నాడు గంజాము జిల్లా మద్రాసు రాజధానిలో ఉండెడిది. 1936లో ఒడిషా రాష్ట్రము ఏర్పడినప్పుడు సరిహద్దు గీత కదలినది కాని, మా కుటుంబమువలెనే వారి కుటుంబమును బరంపురము విడిచి కదలలేదు. మా మిత్రులు పింఛను పుచ్చుకొన్న కొలది కాలమునకే వ్యాధిగ్రస్తులైరి. చూపు కూడ మందగించినది. వారి తండ్రిగారు చదువుకొన్న తెలుగు 'యాత్రికుని ప్రయాణము', అట్టలు ఊడి దారముతో కట్టియుంచినది, వారి తలగడ క్రింద ఉండెడిది. దానిని వినవలెనని వారి కోరిక. బిడ్డలు బుద్ధిమంతులు, తండ్రికి ఏ లోటును రానీయనివారు. కాని వారు ఒడియా, ఇంగ్లీషు బడులలో చదివినవారు. ఇంట తెలుగు చక్కగా మాటాడుదురు, అక్షరము మాత్రము చదువలేరు. అందుచేత ప్రతి సాయంకాలము మేము పోయి చదువుట, వారు కన్నులు మూసికొని వినుట జరుగుచుండెను.

ఒకనాడు కథ చివరనున్న నదివద్దకు వచ్చితిమి. కథానాయకుడు నీటిలో దిగి, మునిగిపోవుచు కేకలు వేయు ఘట్టము. మా మిత్రులు కన్నులు తెఱచి, "ఆగండి గురూగారూ. అతను కూడా మునిగిపోయాడా? అతనికీ భయమేసిందా?" అని అడిగిరి. అవునంటిమి. "అయితే మళ్ళీ మొదట్నుంచి చదవండి" అనిరి.

ఆ ప్రశ్నకు కారణము మాకు తెలియును. రెండు దినములకు పూర్వము వారిని చూడవచ్చిన బంధువులలో ఒకరు వాకిట నిలిచి, ఇన్నేండ్లు చర్చికి పోయిన మనిషికి చావన్న ఇంత బెదురెందుకు, విశ్వాసమే ఉన్నచో ఇట్లు ఏడ్చునా, అని మెల్లగా అనిరి. మెల్లగా అన్నమాటయే రోగికి చక్కగా వినబడును. ఆ మాట నిజమా కాదా అని మా మిత్రులు బనియన్‌ను అడుగుచున్నారు. మేము ఈ వ్యాసమున విచారింపదలచినది కూడ ఆ ప్రశ్ననే.

గ్రంథకర్తను గూర్చి కొంచెము. బనియన్ 1628లో బెడ్‌ఫర్డు పట్టణమునకు సమీపమున ఎల్‌స్టో అను పల్లెలో పుట్టెను. ఓటిపోయిన లోహపాత్రలకు మాట్లు వేయుట ఆయన వృత్తి. చదువు స్వల్పము. ప్రభుత్వము గుర్తించిన మతశాఖకు వెలుపల నిలిచి బోధ చేసినందుకు 1660లో చెఱసాలలో పెట్టిరి. బోధ మానెదనని ఒక్క మాట అన్నచో విడిచెడివారు. ఆయన అనలేదు. అంధురాలైన కుమార్తెను, తక్కిన బిడ్డలను, భార్యను బయట విడిచి, 1672 వఱకు ఇంచుమించు పండ్రెండేండ్లు చెఱలో ఉండెను. 1666లో అచ్చయిన తన ఆత్మకథలో, దేవుడు తన్ను త్రోసివేసినాడేమో అను భయముతో తాను సంవత్సరముల తరబడి ఎట్లు వేగిపోయెనో దాపఱికము లేక చెప్పుకొన్నాడు. 'యాత్రికుని ప్రయాణము' మొదటి భాగము 1678లోను, రెండవ భాగము 1684లోను వెలువడెను. 1688లో వానలో తడిసి ప్రయాణము చేసి, జ్వరము తగిలి, లండనులో చనిపోయెను. భయమెఱుగని వాడు భయమును గూర్చి వ్రాసిన గ్రంథము కాదిది. ఈ సంగతి పాఠకులు మనసున ఉంచుకొనవలెను.

కథ యావత్తు ఒక కల. కలగన్నవాడు చెప్పుచుండును. వినాశనపురమున కాపురమున్న క్రైస్తవుడను మనుష్యుడు వీపున పెద్ద మూటతో బయలుదేరి, దివ్యపట్టణమునకు పోవును. త్రోవలో సిలువవద్ద ఆ మూట జారిపడును. మరణచ్ఛాయ అను లోయ దాటును. మాయాసంత అను ఊరిలో అతని తోడివాడైన విశ్వాసిని న్యాయస్థానమున నిలిపి, దహించి చంపుదురు. ఆ మరణమును కన్నులార చూచిన ఊరివాడొకడు మనసు మాఱి క్రైస్తవునితో బయలుదేరును. ఇంగ్లీషులో వాని పేరు హోప్‌ఫుల్. మేము నిరీక్షణుడని చెప్పుకొందుము.

ఈ మాటవద్ద ఒక్క క్షణము నిలువవలెను. ఇంగ్లీషులో హోప్ అనుదానికి మన వాడుక మాట ఆశ. కాని తెలుగు బైబిలును సిద్ధపఱచినవారు ఆ తావున నిరీక్షణ అను మాటను గ్రహించిరి. మన భాషలో ఆశకు మచ్చ ఉన్నది. ఆశపోతు అందుము, అత్యాశ అందుము, ఆశకు అంతులేదందుము. కోరికయు, లోభమును ఆ మాటలో కలిసియున్నవి. నిరీక్షణ అట్లు కాదు. ఎదురుచూచుట దాని అర్థము. ఎదురుచూచువాడు తన కోరికమీద ఆధారపడడు, రావలసినవాని మాటమీద ఆధారపడును. రైలు వచ్చునని ఎఱిగినవాడు ప్లాట్‌ఫారముమీద కూర్చుండును. చీకటిలో బండి కనబడకపోవచ్చును, ఆలస్యము కావచ్చును, చలికి వణకవచ్చును. వణకుట ఎదురుచూపునకు విరుద్ధము కాదు. ఈ భేదము గుర్తుంచుకొన్నచో బనియన్ నది మనకు సులభముగా బోధపడును.

యాత్రికులిద్దఱు ప్రయాణాంతమున ఒక చల్లని దేశమునకు చేరుదురు. పట్టణము కనబడుచుండును. కాని నడుమ నది. వంతెన లేదు. నీరు చాల లోతు. వేఱు దారి లేదా అని అడుగుదురు. ఉన్నది గాని, లోకము పుట్టినది మొదలు హనోకు, ఏలీయా అను ఇద్దఱికి మాత్రమే ఆ దారి దొరకినదని చెప్పుదురు. నీరు అంతటను ఒకే లోతా అని అడుగుదురు. ఆ పట్టణపు రాజుమీద ఎవరికి ఎంత నమ్మకమో అంతనుబట్టి లోతు తోచునని జవాబు వచ్చును. ఇద్దఱు దిగుదురు. దిగిన వెంటనే క్రైస్తవుడు మునుగుట ప్రారంభించును. చీకటి క్రమ్మును. దారిలో చూచిన మంచి విషయమేదియు జ్ఞాపకమునకు రాదు. చేసిన పాపములు మాత్రము జ్ఞాపకమునకు వచ్చును. నిరీక్షణుడు వాని తల నీటిపైకి ఎత్తి పట్టుకొని, తన కాలికి అడుగు తగులుచున్నదని చెప్పును. క్రైస్తవుడు వినడు. పట్టణపువారు ఎదురుచూచుచున్నది నీకొఱకే గాని నాకొఱకు కాదు, నిన్నెఱిగిన నాటినుండి నీవు నిరీక్షణుడవే, అనును. నీవును అంతే కదా, అని తోడివాడు బదులు చెప్పును. కొంత సేపటికి క్రైస్తవునికి మరల ధైర్యము వచ్చును, కాలికి నేల తగులును, తక్కిన నది లోతులేక దాటుదురు.

ఇందు మాకు మొదట ఆశ్చర్యము కలిగించినది ఏమనగా, మునిగినవాడు కథానాయకుడు. పిశాచముతో కత్తియుద్ధము చేసినవాడు, సంతలో చెఱకు జంకనివాడు, మరణచ్ఛాయ లోయను ఒంటరిగా దాటినవాడు. వాని వెనుక వచ్చిన రెండవవాడు సుఖముగా నడచుచుండగా, వీడు మునుగుచున్నాడు. సామాన్య రచయిత అయినచో నాయకుని ధైర్యముగా నడిపించి, ప్రక్కవానిని తడబడనిచ్చును. బనియన్ అట్లు చేయలేదు. నమ్మకమునుబట్టి లోతు అని తానే సూత్రము చెప్పి, ఆ సూత్రము ప్రకారము తన నాయకుని నమ్మకము ఆ క్షణమున తగ్గినదని ఒప్పుకొన్నాడు. అయినను వాడు ఆవలి గట్టు చేరెను. నీరు లోతగుట ఒకటి, మునిగి నశించుట మఱొకటి.

ఇంకొక సంగతి గలదు. నీటిలో ఉండగానే నిరీక్షణుడు క్రైస్తవునికి డెబ్బదిమూడవ కీర్తనలోని ఒక భావమును జ్ఞప్తి చేయును. దుర్మార్గులకు మరణకాలమున యాతన కనబడదని అందున్నది. కాబట్టి ఈ నీటిలో నీవు పడు బాధ దేవుడు నిన్ను విడిచెననుటకు గుర్తు కాదని వాని వాదము. వాకిట నిలిచి గుసగుసలాడిన బంధువుగారికి మూడువందల యేండ్లకు పూర్వమే ఇయ్యబడిన సమాధానమిది. మనలో అనాయాసమరణము కోరనివారు లేరు. నిద్రలో పోయినవానిని పుణ్యాత్ముడందుము, మంచమున తీసికొన్నవానిని ఏ జన్మ పాపమో అందుము. మనిషి ఎట్లు బ్రదికెనో చూడక, ఎట్లు పోయెనో చూచి తీర్పు చెప్పు అలవాటు అన్ని మతములవారిలోను ఉన్నది. బనియన్ ఆ అలవాటును ఈ ఒక్క ఘట్టముతో ఖండించినాడు.

ఖండించుటకు ఆయన మఱొక పాత్రను కూడ కల్పించెను. అజ్ఞాని అను యువకుడొకడు వీరి వెనుకనే వచ్చుచుండును. మంచి మనసు, ప్రార్థనలు, ఉపవాసములు, దానధర్మములు తనకు చాలునని వాని ధీమా. వాడు నదివద్దకు వచ్చునప్పటికి వ్యర్థాశ అను పడవవాడు సిద్ధముగా ఉండి, కాలు తడవకుండ దాటించును. క్రైస్తవుడు పడిన కష్టములో సగమైనను వానికి లేదు. ద్వారమువద్దకు పోయి తట్టును. చూపవలసిన పత్రము వానివద్ద లేదు. కాలుసేతులు కట్టి, కొండప్రక్కనున్న నరకద్వారమున త్రోసివేయుదురు. స్వర్గద్వారమువద్దనుండి కూడ నరకమునకు దారి ఉన్నదని కలగన్నవాడు తెలిసికొనును. ఇప్పుడు మనము పైన చెప్పుకొన్న రెండు మాటలు ఒకే నదిలో ఎదురెదురుగా కనబడుచున్నవి. నిరీక్షణ నీటిలో దిగి తల పట్టుకొనును. వ్యర్థాశ పడవ వేసికొని వచ్చును. ఒకదానితో ప్రయాణము కష్టము, చేరిక నిశ్చయము. రెండవదానితో ప్రయాణము సుఖము, చేరిక లేదు.

కట్టుదిట్టమైన రచన. అయినను ఇచ్చట బనియన్‌తో మాకు కొంత పేచీ కలదు. అజ్ఞాని చేసిన నేరము మంచివాడనని తన్ను తాను నమ్ముకొనుట. సత్కార్యములవలన కాక దైవకృపవలననే రక్షణ కలుగునను సిద్ధాంతము బనియన్‌ది. దానినిబట్టి ఈ తీర్పు సరియే కావచ్చును. మేము ఆ సిద్ధాంతమును విమర్శింపబూనము. మా అభ్యంతరము కథను గూర్చినది. యాత్రికులిద్దఱు వానితో వాదించిరి, బోధించిరి, చివరకు వెనుక విడిచి ముందునకు నడచిరి. క్రైస్తవుడే ఒక చేయి తోడులేక దాటలేకపోయినప్పుడు, ఈ బాలునికి చేయి ఇచ్చువాడు ఒక్కడైనను ఉండకూడదా? వాడు చేయి అడుగలేదు, తనకు అక్కఱ లేదనుకొన్నాడు, అదియే వాని నాశనమునకు కారణమని బనియన్ పక్షమున చెప్పవచ్చును. ఆ సమాధానము బుద్ధికి తోచును. హృదయమునకు తోచదు. ఇంత గొప్ప గ్రంథము వాని పతనముతో ముగియుట మాకు చివరివఱకు గ్రుచ్చుకొనుచునే ఉన్నది.

మరణమునకు ఆవల నది ఉన్నదను ఊహ మనకు క్రొత్త కాదు. గరుడపురాణము విన్నవారందఱికి వైతరణి తెలియును. మా ఒడిషాలో వైతరణి అను నదియే ఉన్నది. జాజ్‌పూరువద్ద దాని తీరమున పితృకార్యములు చేయుటకు జనులు పోవుచుందురు. కాని రెండు నదులకు భేదము చూడుడు. మన నదిని దాటుటకు గోదానము తోడ్పడును. పోయినవాని కొఱకు కొడుకు పిండము పెట్టును. ఈవలి గట్టున ఉన్నవారు ఆవలికి పోయినవారికొఱకు చేయగలిగినది ఎంతో కొంత ఉన్నది. క్రైస్తవులలోను కతోలికులు ఉత్తరించు స్థలమున ఉన్న ఆత్మలకొఱకు ప్రార్థింతురు. నవంబరు 2వ తేదీన సమాధులకడకు పోయి దీపములు పెట్టుదురు. బనియన్ చెందిన శాఖకు ఇది సమ్మతము కాదు. మనిషి నది దాటిన తరువాత వానికొఱకు మనము చేయగలిగినది లేదు. కాబట్టి చేయవలసినదేదో దాటకముందే, నీటిలో ఉండగనే చేయవలెను. ఆయన కథలో తల ఎత్తి పట్టుకొన్న ఆ చేతికి అంత బరువు వచ్చుటకు కారణమిదియే అని మా తలంపు.

తెలుగువారికి మరణమనగానే తోచు పద్యములు గుఱ్ఱం జాషువాగారి 'శ్మశానవాటి'లోనివి. హరిశ్చంద్ర నాటకము ఆడిన చోటనెల్ల అవి విని కన్నీరు పెట్టనివారు లేరు. క్రైస్తవ వాతావరణమున పెరిగి, 'క్రీస్తు చరిత్ర' వ్రాసి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము పొందిన ఆ మహాకవి, కాటిని వర్ణించినప్పుడు మాత్రము ఆవలి గట్టును చూపలేదు. రాజునకు, పేదకు, కవికి, పసిబిడ్డకు అదే మట్టి అని చూపి అచ్చటనే నిలిచినాడు. ఇది లోపమని మేము అనము. కాటిని కాటిగా చూడనివాడు వ్యర్థాశ పడవ ఎక్కినవాడే. జాషువాగారు చూపిన బూడిదను కన్నులార చూచిన పిదపనే బనియన్ చెప్పు పట్టణమును గూర్చి మాటాడుటకు మనకు అర్హత కలుగును. ఇద్దఱిని ప్రక్కప్రక్కన పెట్టి చదువుట మంచిదని మా సలహా.

ఇక ఆ పట్టణవర్ణన. బంగారు వీధులు, కిరీటములు, వీణలు, గంటలు. ఇందు చాల భాగము బైబిలు చివరి గ్రంథమునుండి తీసికొన్నది. సాహిత్యదృష్టితో చూచినచో ఇది గ్రంథమునందు బలహీనమైన భాగము. బురదగుంటను, సంతను, అనుమానదుర్గమును చదువునప్పుడు మనకు కలుగు ప్రత్యక్షానుభవము ఇచ్చట కలుగదు. బనియన్‌కు బెడ్‌ఫర్డు బాటలు తెలిసినంతగా బంగారు వీధులు తెలియవు. అయినను ఆయన ఒక పని చేసినాడు. కలగన్నవానిని లోనికి పోనీయలేదు. యాత్రికులు ప్రవేశించుటకు తలుపులు తెఱచినప్పుడు వాడు తొంగిచూచును. వెంటనే తలుపులు మూసికొనును. తానును వారిలో ఒకడనైన బాగుండునని వాడు అనుకొనును. అంతే. వాడు మనవలె ఈవలి గట్టుననే మిగిలిపోవును. క్రైస్తవుల పరలోక నిరీక్షణను మావంటి బయటివారు కూడ నమ్మదగినట్లు చూపినది ఆ బంగారము కాదు, మూసిన తలుపు ఎదుట నిలిచిన ఈ మనిషి.

మొదటి భాగమునందు మఱొక లోపమున్నది. క్రైస్తవుడు భార్యాబిడ్డలను విడిచి, వారు పిలుచుచుండగా చెవులలో వ్రేళ్ళు పెట్టుకొని పరుగెత్తును. సంసారులమైన మాకు ఇది మింగుడుపడదు. ఆఱేండ్ల పిదప బనియన్ వ్రాసిన రెండవ భాగము దీనికి ప్రాయశ్చిత్తమువంటిది. అందు భార్యయైన క్రిస్టియానా, బిడ్డలు, పొరుగుపిల్ల, ముసలివారు, కుంటివారు, పిఱికివారు అందఱు కలిసి ప్రయాణము చేయుదురు. పండితులు మొదటి భాగమునే మెచ్చుకొందురు. మరణమును గూర్చి తెలిసికొనగోరువారికి మాత్రము రెండవ భాగమే ఉత్తమమని మా దృఢాభిప్రాయము.

అందు భయస్థుడను ఒకని వృత్తాంతము చెప్పబడును. వాడు దారి పొడవునను భయపడినవాడు. సింహములకు కాదు, సంతకు కాదు, తన్ను ఆ పట్టణమున చేర్చుకొనరేమో అని భయపడినవాడు. నదివద్దకు వచ్చి మునిగిపోదునని ఏడ్చును. కాని ఆనాడు నది ఎన్నడును లేనంతగా తగ్గియుండెను. పాదములు తడిసినంతలో దాటిపోయెను. వీరుడు మునిగెను, పిఱికివాడు నడచి దాటెను. నమ్మకమునుబట్టి లోతు అని మొదట చెప్పిన సూత్రమును బనియన్ ఇచ్చట తానే సడలించినాడు. భయపడువానికి నీరు తగ్గించుట కూడ రాజు చేతిలో ఉన్నదని ఆయనకు ఈ ఆఱేండ్లలో తోచియుండవలెను.

చివర నదితీరమున అందఱును ఉండగా ఒక్కొక్కరికి ఉత్తరము వచ్చును. తపాలా ఆఫీసు ముఖమెఱిగిన మావంటి వారికి ఇంతకంటె చక్కని కల్పన లేదు. ఉత్తరముతో పాటు ఒక ఆనవాలు కూడ వచ్చును. క్రిస్టియానాకు వచ్చినది ప్రేమతో పదును పెట్టిన బాణపు మొన. అది మెల్లమెల్లగా గుండెలో దిగి, పోవలసిన వేళకు సిద్ధపఱచును. ఆమె బిడ్డలను పిలిచి దీవించి, అందఱికి చెప్పవలసినది చెప్పి నదిలో దిగును. బిడ్డలు ఏడ్తురు. తోడివారిలో ఇద్దఱు సంతోషముతో తాళములు, వీణ వాయింతురు. రెండును ఒకే గట్టున, ఒకే క్షణమున జరుగును. ఒకరు మఱొకరిని తప్పుపట్టరు. కుంటివాడు తన ఊతకఱ్ఱలను కుమారునికి విడిచిపోవును. నిరాశుడను ముసలివాడు, మహాభీత అను కుమార్తె కలిసి దిగుదురు. ఆమె పాడుచు పోవును గాని, ఏమి పాడినదో ఈవలివారికి బోధపడదు. ఈ ఒక్క సంగతి కల్పించినందుకు బనియన్‌ను మహాకవియని మేము ఒప్పుకొందుము. దాటువారి పాట మనకు అర్థము కానక్కఱలేదు.

పౌలు థెస్సలొనీక సంఘమునకు వ్రాసిన లేఖలో, చనిపోయినవారిని నిద్రించుచున్నవారని పేర్కొని, నిరీక్షణ లేనివారివలె దుఃఖపడవద్దని చెప్పెను. దుఃఖమే వద్దని చెప్పలేదు. తెలుగు క్రైస్తవులు ఇప్పటికిని ప్రభువునందు నిద్రించిరి అందురు. పాతిపెట్టుటను భూస్థాపన అందురు. నిద్రించినవాడు లేచును, స్థాపించినది నిలుచును. దేహము కూడ కడపటి దినమున లేచునను పునరుత్థాన విశ్వాసము ఆ మాటలలో ఇమిడియున్నది. కాని ఆ మాటలు పలుకుచున్న నోళ్ళే సమాధివద్ద వెక్కివెక్కి ఏడ్చుట మేము చూచియున్నాము. ఒకప్పుడు ఇది పరస్పర విరుద్ధమని తలచెడివారము. బనియన్ చదివిన పిదప ఆ తలంపు పోయినది.

మా మిత్రులు మఱి నెల దినములకు ఆసుపత్రిలో రాత్రివేళ పోయిరి. నీరు వారికి లోతుగా ఉండెనో, తగ్గియుండెనో మేమెఱుగము. చివరి గడియలో కుమార్తె చేయి పట్టుకొని కూర్చుండెనని మాత్రము విన్నాము. భూస్థాపననాడు తెలుగు కీర్తనలు పాడిరి. బిడ్డలిద్దఱు పుస్తకము చూడకుండనే చరణములన్నియు పాడిరి. పాట చెవిని పట్టి తరము దాటినది, లిపి దాటలేదు. మఱునాడు కుమారుడు దారముతో కట్టిన ఆ పుస్తకమును తెచ్చి, "బాబాయిగారూ, ఇది మీ దగ్గరే ఉంచండి. మా ఇంట్లో చదివేవాళ్ళు లేరు" అని మా చేతిలో పెట్టెను. మేము పుచ్చుకొంటిమి. పుచ్చుకొన్నామే గాని, మనసు మనసులో లేదు. మా మనుమలకు మాత్రము ఆ లిపి వచ్చునా? రాదు. రేపు మా తలగడ క్రింద ఉండు భాగవతమును మాకు చదివి వినిపించువారెవరు?

ఆంధ్రదేశమునకు వెలుపల స్థిరపడిన మన కుటుంబములు కూడు, గుడ్డ, ఉద్యోగము సంపాదించుకొన్నవి. ఉన్న రాష్ట్రపు భాషను నేర్చి, దానిని గౌరవించుచున్నవి. అది ధర్మమే. కాని మనిషి కడపటి నదివద్దకు పోయినప్పుడు అతని చెవికి పట్టునది తల్లినాడు విన్న మాటయే. ఆ వేళ తల ఎత్తి పట్టుకొను చేయి ఎంత అవసరమో, ఆ మాటను చదివి వినిపించు నోరు అంత అవసరము. ప్రతి ఇంట ఒక్కరికైనను తెలుగు అక్షరములు వచ్చునట్లు చూచుట మన సంఘము చేయదగిన పని. ఆదివారము ఒక గంట చాలును. మా ఇంటి వాకిలి అందుకు తెఱచియుండును, ఆ పుస్తకము బల్లమీద ఉండును.